బీజింగ్‌లో నశ్యం బుడ్ల వెంట మూడు రోజులు

తాతయ్య పంచె మడతలో దోపుకునే నశ్యం డబ్బా చూస్తూ పెరిగాను. అందుకే బీజింగ్‌లో చైనా గోడ కంటే ముందు చూడాలనుకున్నది చైనాని చివరగా ఏలిన ఛింగ్ రాజుల కాలపు నశ్యం బుడ్లే. అరచేతిలో ఇమిడిపోయే సీసా, మూతకి లోపలివైపు అతికించిన బుల్లి చెంచా, పొడికి చెమ్మ తగలకుండా ఆ ఏర్పాటు.

ఆ బుడ్లు చూడ్డానికి వెళ్లిన ఫర్‌బిడెన్ సిటీ (ఒకప్పటి రాజభవనం) మ్యూజియానికి సోమవారం సెలవు, పాస్‌పోర్ట్ వివరాలతో ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. సీజన్‌లో టికెట్ 60 యువాన్లు, నిధుల గ్యాలరీకి ఇంకో 10. మేం మాట్లాడుకున్న గైడ్ రాజుల కథలు చెప్పి, బుడ్ల దగ్గర "డిజైన్" అని ఒక్క మాటనేసి ముందుకెళ్లిపోయాడు. చాలా బాధేసింది, ఎందుకంటే అసలు విషయమంతా ఆ డిజైన్‌లోనే ఉంది.

తెల్ల గాజు మీద ఎర్ర గాజు పొర పోసి, దాన్ని చెక్కుకుంటూ పోతే చివరికి ఎర్రగా గబ్బిలాలు మాత్రం మిగులుతాయి. రెక్క మీది గీతలు కూడా తెలుస్తాయి. మన దగ్గర గబ్బిలం ఇంట్లో దూరితే అపశకునం అంటాం, అక్కడ గబ్బిలాన్నీ 'ఫూ' అంటారు, అదృష్టాన్నీ 'ఫూ' అంటారు. ఎరుపు 'హోంగ్', అపారం అన్నా 'హోంగ్', అంటే ఎర్ర గబ్బిలం అపారమైన అదృష్టం. అచ్చంగా మన శ్లేష! ఐదు గబ్బిలాలుంటే దీర్ఘాయువు, సంపద, ఆరోగ్యం, సద్గుణం, చివర్లో మన పెద్దవాళ్లు గుళ్లో కూర్చుని కోరుకునే అనాయాస మరణం. గుర్రం మీద కోతి ఉంటే త్వరలో పెద్ద పదవి అని, దానిమ్మ అయితే సంతానం అని దీవెన.

బస హుటోంగ్ సందులో ఒక పాత ఇంట్లో. వాకిలి ఎంతో బాగుంది గానీ రాత్రి పదయ్యాక వేడినీళ్లు లేవు, శాకాహారులకి టిఫిన్ కష్టమే. అలీపే అనే చైనా పేమెంట్ యాప్‌లో కార్డు ఇండియాలోనే లింక్ చేసుకుని వెళ్లండి.

పాత వస్తువులమ్మే పాన్‌జియాయువాన్ సంతకి శని, ఆదివారాల్లో తెల్లారేసరికి చేరాలి, మెట్రో పదో లైన్. పాతవని చెప్పేవాటిలో ఎక్కువ కొత్తవే, బేరం గట్టిగా ఆడండి. నిజంగా 1911కి ముందుదైతే మామూలుగా దేశం దాటనివ్వరు, కాబట్టి కొత్తదని తెలిసే కొనుక్కోవడం మంచిది. నాకు గబ్బిలాలదే కావాలనిపించింది, కానీ అమ్మ ఇంట్లోకి రానివ్వదని రెండు చేపలున్నది 80 యువాన్లకి తీసుకున్నా. చేప 'యూ', సమృద్ధి కూడా 'యూ'.