ఎర్ర లేజర్ కిట్: డయోడు మంచిదే, జాగ్రత్తంతా డ్రైవరు దగ్గరే

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు స్పేర్ పార్టుల కొట్లలోనూ ఆన్‌లైన్‌లోనూ కంపెనీ పేరు లేకుండా వచ్చే 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ కిట్ ఇది. చిన్న ప్లాస్టిక్ కవరులో కిరణం పుట్టించే 5 మిల్లీవాట్ల లేజర్ డయోడు, లెన్సూ స్ప్రింగూ ఉన్న ఇత్తడి గొట్టం, డ్రైవరుకు, అంటే డయోడుకు కరెంటును అదుపులో అందించే సర్క్యూటుకు, ఎల్ఎం 317 ఐసీ, 33 ఓంల రెసిస్టరు, 10 మైక్రోఫారడ్ల కెపాసిటరు, 1ఎన్4007 అనే మామూలు డయోడు ఒకటి, పుష్ బటను, 9 వోల్టుల బ్యాటరీ క్లిప్పు ఉంటాయి. మొదటిసారి లేజర్ పాయింటర్ కట్టేవాళ్లకు ఈ సరుకు చాలు. కానీ ఉన్నదున్నట్టు బిగిస్తే డయోడు ఎక్కువ రోజులు బతకదు.

ముందు మార్చాల్సింది రెసిస్టరు. ఎల్ఎం 317 తన అవుట్‌పుట్, అడ్జస్ట్ కాళ్ల మధ్య 1.25 వోల్టులు నిలబెడుతుంది. ఆ 1.25ను ఓంలతో భాగిస్తే కరెంటు తేలుతుంది. 33 ఓంలకు దాదాపు 38 మిల్లీఆంపియర్లు. ఇలాంటి డయోడుల్లో చాలావాటికి 25, 30 దగ్గరే పూర్తి వెలుగు వచ్చేస్తుంది, ఆపైన పంపేది డయోడును కాల్చడానికే. 56 ఓంలకు 22, 47 ఓంలకు 26.6 వస్తాయి. 56తో మొదలుపెట్టండి. ఒక హద్దు కరెంటు దాటితేనే డయోడు లేజరవుతుంది, అందాకా మామూలు ఎల్‌ఈడీలా మసకగా ఉంటుంది. అలా ఉంటే 47కు రండి. 47తో కూడా మసకే అయితే డయోడు పోయి ఉండొచ్చు. పావు వాట్ రెసిస్టరు చాలు. ఐసీకి హీట్‌సింకు అక్కర్లేదు.

ఐసీని అక్షరాలు మనకు కనిపించేలా పట్టుకుంటే ఎడమ నుంచి అడ్జస్ట్, అవుట్‌పుట్, ఇన్‌పుట్. రెసిస్టరు మొదటి రెండింటి మధ్య. లేజర్ డయోడు ప్లస్‌కు తీగ అడ్జస్ట్ కాలు నుంచే వెళ్లాలి. పేరు చూసి అవుట్‌పుట్ నుంచి లాగేవాళ్లే ఎక్కువ. అప్పుడు రెసిస్టరు గుండా కరెంటే పోదు, అదుపు తప్పి డయోడు క్షణంలో పోతుంది. ఐసీ వెనకున్న లోహపు రేకు కూడా అవుట్‌పుట్‌కే కలిసి ఉంటుంది కాబట్టి ఇత్తడి గొట్టానికి తగలకుండా ఇన్సులేషన్ టేపు చుట్టాలి.

ఇక అసలు గండం కెపాసిటరు. దాన్ని లేజర్ డయోడుకు సమాంతరంగా పెడతాం. డయోడు లేకుండా బ్యాటరీ తగిలిస్తే కరెంటుకు దారి లేక కెపాసిటరు 7 వోల్టుల దాకా నిండుతుంది. ఆ స్థితిలో 2.2 వోల్టుల డయోడును తాకిస్తే, నిండిన చార్జంతా ఒక్కసారి దానిలోకి దూకుతుంది. పైకి చూడ్డానికి ఏమీ తేడా ఉండదు, డయోడు మాత్రం ఇక ఎల్‌ఈడీలా మసకగానే వెలుగుతుంది. కాబట్టి బ్యాటరీ తీసి, కెపాసిటరు రెండు కాళ్లనూ 100 ఓంల రెసిస్టరుతో ఒక సెకను కలిపాకే డయోడును సోల్డర్ చేయాలి. క్రొకడైల్ క్లిప్పులు వద్దే వద్దు. క్లిప్పు కాస్త వదులై మళ్లీ తగిలినా ఇదే జరుగుతుంది. స్విచ్చు కూడా బ్యాటరీ వైపే ఉండాలి, డ్రైవరుకూ డయోడుకూ మధ్య కాదు.

డయోడు పెట్టకముందు డ్రైవరును పరీక్షించడానికి మూడు 1ఎన్4007లు, ఒక 1 ఓం రెసిస్టరు విడిగా కొనండి. నాలుగింటినీ వరసగా కలిపి లేజర్ స్థానంలో పెట్టి, 1 ఓం మీద మల్టీమీటరు 200 మిల్లీవోల్టుల రేంజిలో చూడాలి. ఎన్ని మిల్లీవోల్టులుంటే అన్ని మిల్లీఆంపియర్లు. 47 ఓంలతో 26, 27 మధ్య చూపిస్తే సరే. కిట్‌లోని 1ఎన్4007ను లేజర్ డయోడుకు సమాంతరంగా, ఎదురు దిశలో వేయండి. ఈ లేజర్ డయోడులు తిరగబడిన వోల్టేజీని 2 వోల్టులకు మించి ఓర్చుకోలేవు.

కిట్‌లో పిన్నుల బొమ్మ లేకపోవడం పెద్ద లోటు. లేజర్ డయోడు లోహపు డబ్బాకు అతికిన కాలు కొన్ని రకాల్లో ప్లస్, కొన్నిటిలో మైనస్. అమ్మేవాళ్లను డయోడు నంబరు అడిగి దాని డేటాషీట్ (వివరాల పత్రం) చూడకుండా ముట్టుకోవద్దు. సోల్డరింగ్ ఒక్కో కాలికి మూడు సెకన్లు దాటకూడదు. కొరాపుట్, రాయగడ కొండల్లో శీతాకాలపు పొడి గాలికి డయోడును చంపే స్థిర విద్యుత్తు ఎక్కువ, మణికట్టుకు ఎర్తింగ్ పట్టీ ఉండాలి. ఇత్తడి గొట్టంలో యాక్రిలిక్ లెన్సును పట్టుగుడ్డతో తుడిచే అలవాటు మా వైపు ఉంది. రాపిడికి అదీ స్థిర విద్యుత్తు పుట్టిస్తుంది, తడిపిన మెత్తని నూలుగుడ్డ మేలు.

లెన్సు బాగుంది. పది మీటర్ల దూరంలోని గోడ మీద చుక్క కోడిగుడ్డు ఆకారంలో పడితే లోపం అనుకోవద్దు, ఈ డయోడుల కిరణం పుట్టుకే అలా ఒక వైపు వెడల్పు. ఫోకస్ చేసేటప్పుడు తెల్లకాగితం మీదే చూడండి. గొట్టంలోకి తొంగి చూడకండి. ఎదురుగా అద్దం, స్టీలు చెంబు ఉండకూడదు. డీవీడీ రైటరు నుంచి తీసిన డయోడును ఇందులో బిగించవద్దు. అది 100 మిల్లీవాట్లు దాటుతుంది, చూపు పోతుంది.

బ్యాటరీ 5.5 వోల్టులకు దిగాక డ్రైవరు కరెంటును నిలపలేదు, చుక్క వెలవెలబోతుంది. అందుకే ఒక్క 3.7 వోల్టుల లిథియం సెల్లు దీనికి చాలదు. వరసగా రెండు పెట్టాలి.