యాభై నిండేలోపు 39 తలంట్లు: గానుగ నూనె, కుంకుళ్ళు, సున్నిపిండి ఏడాది వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఇది ఏ కంపెనీ సరుకు గురించీ కాదు. గానుగలో ఆడించిన నువ్వుల నూనె, కుంకుడుకాయలు, మరలో పట్టించిన సున్నిపిండి, ఈ మూడింటి గురించి. అన్నీ నా డబ్బులతో కొన్నవే. వారానికోసారి చొప్పున ఏడాది వాడాక ఒంటికి ఏం పట్టింది, ఏం పట్టలేదు అన్నది రాస్తున్నాను.

నేను పుట్టింది 1975 కార్తీకంలో. ఆ ఏడాది పేరు రాక్షస నామ సంవత్సరం. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి మా ఆయన చెవిన వేయడం నా తెలివితక్కువతనం, పాతికేళ్ళుగా దాన్ని వాడుకుంటూనే ఉన్నాడు. 2025 నవంబరుకి యాభై నిండుతాయనగా, ఏడాది ముందు డైరీలో ఓ పేజీ నిండా రాసుకున్నాను. పొద్దున్నే ఐదింటికి లేవాలి, పంచదార మానాలి, వీణ మళ్ళీ పట్టుకోవాలి, ఇంకా ఏవేవో. పంచదార మానడం క్రిస్మస్ సెలవుల దాకా కూడా నిలవలేదు. వీణ ఇప్పటికీ అటక మీదే ఉంది. పేజీ అడుగున కాస్త ఖాళీ మిగిలితే "వారం వారం తలంటు" అని రాశాను. నిలిచింది అదొక్కటే.

నిలవడానికి కారణం నా కుడి భుజం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మా ఇంటి కింది వాటా నీళ్ళలో ఉంది, మేం మేడ మీద ఉన్నాం. పడవల్లో తెచ్చిన నీళ్ళ డబ్బాలు మెట్లెక్కించి మోసీ మోసీ భుజం పట్టేసింది. వరద తీసింది గానీ భుజం తీయలేదు. నేను లెక్కల పంతులమ్మని. దసరా సెలవుల తర్వాత బడికి వెళ్తే బోర్డు పైవరుసకి చెయ్యి లేవడం లేదు. డాక్టరు చూసి ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. నలభై నుంచి అరవై మధ్య ఆడవాళ్ళకి ఎక్కువట, షుగర్ ఉంటే ఇంకా ఎక్కువట, దానంతటది వదలాలంటే ఏడాది నుంచి మూడేళ్ళు పట్టొచ్చట. ఫిజియోథెరపీ రాశారు. నూనె రాసుకోమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ నరక చతుర్దశి నాడు మా అత్తయ్య "తైలే లక్ష్మీ, జలే గంగా" అంటూ మాడు మీద గోరువెచ్చటి నూనె పెట్టి, అక్కణ్ణుంచి మెడ మీదికి, భుజం మీదికి జార్చారు. చాలా ఏళ్ళ తర్వాత నా ఒంటి మీద ఇంకొకరి చెయ్యి అంత తీరిగ్గా తిరగడం అదే. ఇక వారం వారం చేద్దాం అనుకుంటుంటే, "కార్తీకంలో నూనె ముట్టుకుంటావా అమ్మాయ్?" అని ఆపేశారు. సరే, కార్తీకం అయిపోయి పోలిని స్వర్గానికి పంపించాక డిసెంబరు 8న, ఆదివారం, మొదలుపెట్టాను. దానికీ పేచీ వచ్చింది. ఆడవాళ్ళు శుక్రవారం పోసుకోవాలి, ఆదివారం నూనె పనికిరాదు అంటారు. "బడికి సెలవిచ్చేది ఆదివారమే కదా అత్తయ్యా" అన్నాను. ఆవిడ లోపల్నుంచి ఓ పువ్వు తెచ్చి నూనె గిన్నెలో పడేసి, దోషం పోయిందన్నారు. అప్పటి నుంచి 2025 దీపావళి దాకా 46 ఆదివారాలొచ్చాయి. క్యాలెండర్ మీద టిక్కులు 39.

నూనె సంగతి. మొదటి రెండు వారాలు కొట్లో దొరికే సీసా నూనె వాడాను, అది పనిచేయదని అననుగానీ వాసనే లేదు. తర్వాత నూజివీడు వైపు వెళ్ళినప్పుడు ఒక చెక్క గానుగ కనబడితే, దగ్గరుండి నల్ల నువ్వులు ఆడించుకున్నాను. నువ్వులు నలుగుతుండగా మధ్యలో బెల్లం ముక్క వేస్తారు, దానితో పిండి ముద్దకట్టి నూనె విడుతుంది. వాళ్ళు పెట్టిన ధర లీటరుకి 450. నా ఒంటికీ తలకీ కలిపి వారానికి 65 మిల్లీలీటర్లు సరిపోయింది, అంటే లీటరు పదిహేను వారాలు. ఏడాదికి రెండున్నర లీటర్లు, 1,125 రూపాయలు. పైగా తెలగపిండి కొసరు. మునగాకుతో కలిపి వండితే, తలంటుకంటే ముందు ఆ కూరకే పదికి పది వేస్తాను.

పొయ్యి మీద నూనె కాచకండి. వేణ్ణీళ్ళ చెంబులో నూనె గిన్నె ఐదు నిమిషాలు కూర్చోబెడితే చాలు. పాత నేత చీర చింపి రెండు ముక్కలు దీనికే కేటాయించుకోండి. మంచి తువ్వాలు వాడారా, ఎన్ని ఉతుకులు ఉతికినా మక్కు వాసన వదలదు.

కుంకుళ్ళు రాయితో చితక్కొట్టి, గింజలు తీసి, వేణ్ణీళ్ళలో రాత్రే నానేసేదాన్ని. పొద్దున పిసికితే నురగ బాగా వస్తుంది. కళ్ళలో పడితే మంట ఎలా ఉంటుందో చిన్నప్పుడు పోయించుకున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. యాభయ్యేళ్ళకీ అంతే మంట, కాకపోతే ఏడవడానికి సిగ్గు.

సున్నిపిండి దగ్గర నాకు గట్టి దెబ్బే తగిలింది. పెసలు, శనగపప్పు, గుప్పెడు బియ్యం, కచ్చూరాలు, బావంచాలు, ఎండబెట్టిన నారింజ తొక్కలు, అన్నీ పద్ధతిగా కలిపి పిండి మరకి పంపాను. నాకు ముందు వెళ్ళిన వాళ్ళు ఎండుమిరపకాయలు పట్టించుకున్నారు. మరవాడు చెప్పలేదు, నేను అడగలేదు. ఆ ఆదివారం ఒళ్ళంతా రుద్దుకున్నాక రెండు నిమిషాలకి తెలిసింది. నాలుగు బకెట్ల చన్నీళ్ళు పోసుకుని, ఫ్యాను కింద గంట సేపు కూర్చున్నాను. మా ఆయన తలుపు అవతల నుంచి "రాక్షస నామ సంవత్సరం ఊరికే పోతుందా" అన్నాడు. ఆ కిలోన్నర పిండీ గిన్నెలు తోమడానికి పనికొచ్చింది. పండగ ముందు రోజుల్లో మరకి అసలు పంపకండి, పంపితే ముందు ఏం పట్టారో అడగండి.

అసలు విషయం భుజం. నూనెతో భుజం బాగవలేదు. బాగైంది వ్యాయామాలతోనే. వంగి చెయ్యి వేలాడదీసి గుండ్రంగా ఊపడం, గోడ మీద వేళ్ళు పాకించడం, వెనకాల తువ్వాలు పట్టుకుని పైకి లాగడం, ఇవన్నీ రోజూ చేశాను, విసుక్కుంటూ చేశాను. ఆదివారం వేణ్ణీళ్ళ తర్వాత చేస్తే నొప్పి తక్కువగా ఉండేది, అంతవరకే. కానీ ఎంత బాగవుతోందో నాకు చెప్పింది నూనె చెయ్యే. డిసెంబరులో కుడిచెయ్యి వెనక్కి పెడితే నడుము కింద చీర అంచు దగ్గరే ఆగిపోయేది, దానికి పైన వీపంతా పొడిగా ఉండిపోయేది. సంక్రాంతికి నడుము గుంట దాటింది. ఏప్రిల్లో, ఒంటిపూట బడులప్పుడు, బొటనవేలు జాకెట్టు కింది అంచుకి తగిలింది. ఆగస్టు మూడో వారం రెక్క ఎముక కొన తగిలింది. జిడ్డు వేలి కింద పదునుగా, నాది కానట్టు ఒక ఎముక. అక్కడే నిలబడి రెండోసారి, మూడోసారి తడిమి చూసుకున్నాను. ఫిజియోథెరపీ అమ్మాయి కొలిచి రాసిన డిగ్రీల కాగితం ఎక్కడ పెట్టానో గుర్తులేదు. ఈ కొలత మాత్రం గుర్తుంది.

ఇంకొకటి రాయాలా వద్దా అనుకున్నాను, రాసేస్తున్నా. పొత్తికడుపు కింద మా చిన్నవాడి సిజేరియన్ కుట్టు ఉంది. ఇరవై రెండేళ్ళయింది. స్నానం చేసేటప్పుడు సబ్బు దాని మీదుగా వెళ్ళేదే తప్ప చెయ్యి ఎప్పుడూ ఆగలేదు. నూనె రాస్తే ఆగక తప్పదు. కుట్టుకి పైన రెండు వేళ్ళ వెడల్పున స్పర్శే సరిగ్గా లేదు, చేతికి చర్మం తెలుస్తోంది, చర్మానికి చెయ్యి తెలియడం లేదు. భుజం చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరుని అడిగితే, కోతలో సన్నటి నరాలు తెగుతాయి, చాలామందికి ఉంటుంది, భయం లేదన్నారు. భయపడలేదు. ఇన్నేళ్ళు తెలియకపోవడమే వింతగా ఉండింది.

నచ్చనివి కూడా ఉన్నాయి. నాకు చుండ్రు ఉంది. శనివారం రాత్రే తలకి నూనె పెట్టి పడుకున్న వారాల్లో అది పెరిగింది, మానేసి పొద్దున అరగంటకి కుదించాక తగ్గింది. చుండ్రు ఉన్నవాళ్ళు నూనె నానితే మంచిదనే మాట నమ్మకండి. ఫిబ్రవరిలో స్నానాలగది గచ్చు మీద జారి మోకాలు చెక్కుకుపోయింది. ఎడమవైపు పడ్డాను కాబట్టి బతికిపోయాను, కుడి భుజం మీద పడి ఉంటే ఈ సమీక్ష ఇలా ఉండేది కాదు. అప్పటి నుంచి పీట మీద కూర్చునే రాసుకుంటున్నాను, లేచే ముందు మిగిలిన కుంకుడు పులుసు గచ్చు మీద పోసి చీపురుతో రుద్దుతున్నాను. నూనె, సున్నిపిండి కలిసి తూము రెండుసార్లు పూడింది. షుగర్ పరీక్షలో నాకు మూడు నెలల సగటు 6.1 వచ్చింది, అంటే అంచు మీద ఉన్నట్టు. దానికీ తలంటుకీ సంబంధం లేదు, సాయంత్రం నడక వేరే పెట్టుకున్నాను. నూనెతో ఒళ్ళు తగ్గుతుంది, మోకాళ్ళ అరుగుదల పోతుంది అని అమ్మేవాళ్ళ దగ్గర కొనకండి.

మార్కులు వేయమంటే నూనెకి 8, కుంకుళ్ళకి 7, సున్నిపిండికి మర సంగతి పక్కన పెడితే 6, శనగపిండి ఒక్కటీ అయినా దాదాపు ఆ పనే చేస్తుంది.

ఇంతా చేస్తే పుట్టినరోజు కార్తీకంలో పడింది కదా, ఆ రోజు నూనె లేదు. బడిలో పిల్లలు బోర్డు పైవరుసలో 50 అని రాసి, చుట్టూ వర్గమూలం గుర్తు పెట్టారు. దాని విలువ పూర్ణాంకం కాదని రుజువు చేయించి, నేనే తుడిచేశాను, కుడిచేత్తోనే. సాయంత్రం అత్తయ్య మంచం మీద కూర్చుని పాదాలు రాసుకుంటూ, "పోలి వెళ్ళాక నా కాళ్ళక్కూడా కాస్త రాస్తావా?" అన్నారు. ఆవిడకి 78. ఏనాడూ ఏదీ అడిగిన మనిషి కాదు. ఇప్పుడు ఆదివారం పొద్దున్న మేమిద్దరం పెరటి వసారాలో కూర్చుంటున్నాం, ఒక పీట ఆవిడకి, ఒకటి నాకు. లీటరు నూనె తొమ్మిది వారాలే వస్తోంది.