కుర్రాడికి ఏది మేలు: పై జట్టులో ఎనిమిది నిమిషాలా, కింది జట్టులో ఇరవై నిమిషాలా?

ఎడ్మంటన్‌లో రాత్రి ఏడింటికి మొదలయ్యే ఐస్ హాకీ మ్యాచ్, చలికాలంలో మా విజయనగరంలో పొద్దున్న ఏడున్నరకు పడుతుంది. మా చెల్లెలి కొడుకు ఉద్యోగానికని అక్కడికి వెళ్లి ఆరేళ్లయింది. నేను ముప్ఫై ఏళ్లు స్కూల్లో పీఈటీగా పనిచేసి, పిల్లలకు మన హాకీ నేర్పినవాణ్ని. మంచు మీద ఆడే హాకీ మాత్రం వాడి వల్లే అలవాటైంది. టీ గ్లాసు పట్టుకుని నేనిక్కడ, దుప్పటి కప్పుకుని వాడక్కడ, ఫోన్లో మాట్లాడుకుంటూ చూస్తాం. కొత్తగా వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాడెవడైనా బెంచి మీద కనబడితే చాలు, "ఏటి మావయ్యా, ఆడినలా కూర్చోబెట్టీసినారు? ఆడించరేటి?" అని మొదలెడతాడు. ఈ సంగతి మీద మా ఇద్దరికీ ఎన్ని వాదనలయ్యాయో లెక్కలేదు. ఈ ఎండాకాలం అదే ప్రశ్న నా గుమ్మంలోకే వచ్చింది. అది తర్వాత చెబుతాను.

ముందు అక్కడి జట్టు ఎలా ఉంటుందో చెప్పాలి. అమెరికా, కెనడా జట్లు ఆడే పెద్ద ఐస్ హాకీ లీగు ఎన్‌హెచ్‌ఎల్. ఎన్‌హెచ్‌ఎల్‌లో మ్యాచ్‌కు ఇరవై మంది దిగుతారు. పన్నెండుగురు ఫార్వర్డ్‌లు, ఆరుగురు డిఫెన్స్, ఇద్దరు గోల్‌కీపర్లు. ఫార్వర్డ్‌లు ముగ్గురేసి చొప్పున నాలుగు లైన్లు. ఒక లైను ముప్పావు నిమిషం ప్రాణం పెట్టి ఆడి బెంచికి వచ్చేస్తుంది, ఇంకో లైను దూకుతుంది. అరవై నిమిషాల ఆటలో మొదటి లైనుకు పద్దెనిమిది, ఇరవై నిమిషాలు దొరికితే నాలుగో లైనుకు ఎనిమిదీ పదీ మించవు. తేడా నిమిషాల్లోనే కాదు, పనిలో కూడా ఉంది. మొదటి లైను పని గోలు కొట్టడం. ఎదుటివాళ్లలో ఒకడు తప్పు చేసి బయట కూర్చున్నప్పుడు వచ్చే పవర్ ప్లే కూడా దాదాపుగా పైలైన్ల వాళ్లదే. నాలుగో లైను పని ఎదుటివాణ్ని గుద్ది అలసగొట్టడం, బంతికి బదులు వాడే ఆ రబ్బరు బిళ్ల పక్‌కు ఒళ్లు అడ్డం పెట్టడం, పెద్దవాళ్లు ఊపిరి తీసుకునేదాకా గోలు పడకుండా చూడటం. గోలు కొట్టడమే విద్యగా వచ్చిన కుర్రాణ్ని అక్కడ పెడితే, వీణ నేర్చినవాణ్ని పిలిచి తాళం వేయమన్నట్టే.

అయినా చాలామంది కోచ్‌లు అక్కడే మొదలుపెడతారు. వాళ్ల వాదన కొట్టిపారేయదగ్గదేం కాదు. రోజూ పెద్దవాళ్లతో ప్రాక్టీసు, వాళ్ల తిండీ నిద్రా ఎలా ఉంటాయో పక్కనుండి చూడటం, ఆట వేగం ఒంటికి పట్టడం. మావాడు దీనికి జో థార్న్‌టన్ పేరు చెబుతాడు. ఏటా కొత్త కుర్రాళ్లను జట్లు వరసగా ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి. 1997లో అలా బోస్టన్ జట్టు అందరికన్నా ముందు ఎంచుకున్న కుర్రాడు. మొదటి ఏడాది చివరి లైన్లో ఆడుతూ, 55 మ్యాచ్‌లలో కొట్టినవి మూడే గోల్స్. తర్వాత ఏమైంది? 2005–06లో లీగ్ మొత్తానికి ఉత్తమ ఆటగాడయ్యాడు, కెరీర్ ముగిసేసరికి పదిహేను వందలకు పైగా పాయింట్లు (గోలు కొట్టినా, గోలుకు పాసు ఇచ్చినా ఒక్కో పాయింటు). "చూసావా మావయ్యా, ఓపిక పట్టాడు, పండాడు" అంటాడు.

నాకు ఈ ఉదాహరణ నచ్చదు. థార్న్‌టన్ ఆ ఏడాది వల్ల ఎదిగాడో, ఆ ఏడాదిని తట్టుకుని ఎదిగాడో ఎవరు చెప్పగలరు? నిలబడ్డవాడి కథ మనకు తెలుస్తుంది, విరిగిపోయినవాడి కథ ఎవరికీ గుర్తుండదు. అదే ఎడ్మంటన్‌లో 2016లో నాలుగో స్థానంలో ఎంచుకున్న ఫిన్‌లాండ్ కుర్రాడు జెస్సీ పుల్యుయార్వి ఉన్నాడు. పద్దెనిమిదేళ్లకే పై జట్టులో ఉంచుకున్నారు. ఒకరోజు ఆట, ఒకరోజు కూర్చోవడం. 28 మ్యాచ్‌లకు ఒకే గోలు. సీజను మధ్యలో కింది లీగుకు పంపారు. ఆ తర్వాత కొన్నేళ్లు పైకీ కిందికీ తిరిగి, ఒక సీజను సొంత దేశానికే వెళ్లి ఆడి వచ్చాడు. కారణం ఆ మొదటి ఏడాది ఒక్కటే అనను. కానీ ఆ వయసులో చేతికి నమ్మకం పోతే మళ్లీ రావడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఎందుకు తెలుసో చెబుతాను. పదిహేడేళ్లప్పుడు నన్ను ఓ సంస్థ జట్టుకు తీసుకున్నారు. పేరెందుకులెండి. ఇంట్లో పండగ చేసుకున్నాం. మా అమ్మ పైడితల్లి గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. రెండు సీజన్లు ఆ జట్టుతో ఊళ్లు తిరిగాను. మ్యాచ్‌లో ఆఖరి అయిదు నిమిషాలు, అదీ మనవాళ్లు మూడు గోల్స్ ముందుంటేనే. ఆ అయిదు నిమిషాల్లో తప్పు చేస్తే మళ్లీ దింపరేమోనని భయం. భయంతో ఏం చేస్తాం? బంతి రాగానే పక్కవాడికి ఇచ్చేస్తాం. రెండేళ్లు అదే చేశాను. స్కూలు రోజుల్లో ముగ్గుర్ని దాటించి కొట్టినవాణ్ని, ఒక్కణ్ని ఎదుర్కోవడానికి జంకేదాకా వచ్చాను. ఎవరూ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. అందరూ మంచివాళ్లే. ఆడనివ్వలేదు, అంతే. ఇన్నేళ్లయినా అది తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది.

అందుకే నా మొగ్గు కింది జట్టు వైపు. ఐస్ హాకీలో దానికి మంచి ఏర్పాటుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లుంటే, ఏహెచ్‌ఎల్ అనే కింది లీగులో కూడా 32 జట్లున్నాయి, ఒక్కో పై జట్టుకు ఒక్కో కింది జట్టు జోడీ. ఎడ్మంటన్ వాళ్లది కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్. కింద ఆడే కుర్రాడు మొదటి లైన్లో ఉంటాడు, పవర్ ప్లే వాడిదే, ఆట బిగిసినప్పుడు దిగేదీ వాడే. తప్పు చేస్తే మరో మూడు నిమిషాలకు దిద్దుకునే అవకాశం వస్తుంది. నేర్చుకోవడమంటే నా దృష్టిలో ఇదే. తప్పుకూ దాన్ని దిద్దుకోవడానికీ మధ్య వ్యవధి ఎంత తక్కువుంటే అంత బాగా పడుతుంది.

లియాన్ డ్రైసైటల్ కథ చూడండి. 2014లో ఎడ్మంటన్ మూడో స్థానంలో తీసుకున్న జర్మనీ కుర్రాడు. పై జట్టులో 37 మ్యాచ్‌లు ఆడి రెండే గోల్స్. 2015 జనవరిలో జూనియర్ లీగుకు, కెలోనా జట్టుకు పంపించేశారు. చిన్నతనం అనుకుని మొహం ముడుచుకోలేదు. ఆ ఏడాది కెనడా జూనియర్లకు పెద్ద పండగలాంటి మెమోరియల్ కప్‌లో, తన జట్టు ఫైనల్లో ఓడినా టోర్నీ ఉత్తమ ఆటగాడు అతనే. మరుసటి సీజను కూడా మొదట కొన్ని మ్యాచ్‌లు బేకర్స్‌ఫీల్డ్‌లో ఆడాకే పైకి వచ్చాడు. 2019–20లో 110 పాయింట్లతో లీగ్ ఉత్తమ ఆటగాడు. కిందికి పంపడం శిక్ష కాదని మా పిల్లలకు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఈ పేరే చెబుతాను.

డెట్రాయిట్ వాళ్లయితే ఒకప్పుడు దీన్నే పద్ధతిగా పెట్టుకున్నారు. పండిందనిపించాక కూడా ఇంకొన్నాళ్లు గడ్డిలో మగ్గబెట్టి అప్పుడు తీసేవారు. గుస్తావ్ నీక్విస్ట్, తొమాష్ తతార్ అలా వాళ్ల కింది జట్టు గ్రాండ్ రాపిడ్స్‌లో ఏళ్లు గడిపారు. 2013లో ఆ జట్టు ఏహెచ్‌ఎల్ విజేతకిచ్చే కాల్డర్ కప్ గెలిచింది, ప్లేఆఫ్స్‌లో తతార్ ఉత్తమ ఆటగాడు. తర్వాతి సీజన్లో నీక్విస్ట్ పై జట్టుకు 57 మ్యాచ్‌లలో 28 గోల్స్ కొట్టాడు.

కింది జట్టులో ప్రమాదం లేదని కాదు. మరీ తేలిగ్గా గోల్స్ పడే చోట ఎక్కువకాలం ఉంటే కుర్రాడు బద్ధకం నేర్చుకుంటాడు. వెనక్కి పరిగెత్తి డిఫెన్స్‌కు సాయపడడు, ఒంటిచేత్తో నెట్టుకొస్తాడు. కెనడా జూనియర్లలో ఇది ఎక్కువ. ఆ జూనియర్ జట్ల నుంచి తీసుకున్న కుర్రాడికి ఇరవై నిండేదాకా ఏహెచ్‌ఎల్‌కు వెళ్లే దారే ఉండేది కాదు. అయితే పైన ఉండాలి, లేకపోతే తన కన్నా చిన్నపిల్లల మధ్యకు తిరిగి వెళ్లాలి. 2026 సెప్టెంబరులో మొదలయ్యే, ఎన్‌హెచ్‌ఎల్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కొత్త ఒప్పందంలో ఒక్కో క్లబ్బు ఒక పంతొమ్మిదేళ్లవాణ్ని ఏహెచ్‌ఎల్‌కు పంపుకోవచ్చని సడలించారు. చాలా మంచి పని.

మూడో దారి ఒకటుంది, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. కుర్రాణ్ని నాలుగో లైన్లోనూ కాదు, కింది లీగులోనూ కాదు, నేరుగా మొదటి లైన్లో ఇద్దరు మంచి ఆటగాళ్ల పక్కన పెట్టడం. 2022లో మాంట్రియల్ అందరికన్నా ముందు ఎంచుకున్న యురాయ్ స్లాఫ్‌కోవ్‌స్కీ మొదటి ఏడాది ఎక్కువగా కింది లైన్లలో ఆడి 39 మ్యాచ్‌లకు నాలుగు గోల్స్ కొట్టాడు, మోకాలికి దెబ్బ తగిలి సీజనే పోయింది. రెండో ఏడాది జట్టులో మేటి ఫార్వర్డ్‌లైన సుజుకీ, కాఫీల్డ్‌ల పక్కన చోటిచ్చారు. 20 గోల్స్, 50 పాయింట్లు. అదే కుర్రాడు, అదే జట్టు, మారింది పక్కనున్నవాళ్లే. కచేరీలో పక్కవాద్యం మంచిదైతే కొత్త గాయకుడు రెండింతలు పాడినట్టు.

మా ఊరి వాళ్లకు ఈ మూడో దారి కొత్త కాదు. 1919లో ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వచ్చిన ఇరవై ఆరేళ్ల ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ విని, ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు నేరుగా అధ్యాపకుడిగానే పెట్టుకున్నారు. అలాంటివాడు దొరికినప్పుడు క్యూలో నిలబెట్టకూడదు. ఐస్ హాకీలో సిడ్నీ క్రాస్బీ పద్దెనిమిదేళ్లకు మొదటి సీజన్లోనే 102 పాయింట్లు కొట్టాడు, అతన్ని మగ్గబెట్టడానికి ఏముంది? అయితే నారాయణదాసు గారంతటి చెవి ఉన్నవాడు ఎంచాలి. ప్రతి తండ్రీ తన కొడుకు క్రాస్బీ అనుకుంటాడు, అక్కడొస్తుంది చిక్కు.

గోల్‌కీపర్ సంగతి వేరు, అక్కడ నాకు సందేహమే లేదు. చోటు ఒక్కటే కాబట్టి కుర్ర గోల్‌కీపర్ కిందే ఆడాలి. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి రజని ఎతిమరపు, భారత మహిళల హాకీ జట్టులో సవిత వెనక రెండో గోల్‌కీపర్‌గా ఎన్నేళ్లు ఎదురుచూసిందో హాకీ చూసేవాళ్లకు తెలుసు. డిఫెన్స్‌లో మాత్రం మూడో జోడీలో పెట్టినా పర్వాలేదంటాను. ఆ జోడీకి కూడా పద్నాలుగు, పదిహేను నిమిషాలు దక్కుతాయి, అది నేర్చుకోవడానికి సరిపోతుంది.

ఇంకో మాట. కుర్రాడు ఎక్కడ ఆడాలన్నది ఎప్పుడూ ఆట చూసే తేల్చరు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లవాడు పదో మ్యాచ్ ఆడితే వాడి మూడేళ్ల కాంట్రాక్టులో ఒక ఏడాది ఖర్చయినట్టు, అందుకే తొమ్మిది ఆడించి వెనక్కి పంపడం చూస్తుంటాం. అనుభవమున్నవాణ్ని కిందికి పంపాలంటే ముందు మిగతా జట్లకు వాణ్ని తీసుకునే అవకాశం ఇవ్వాలి, కొత్త కుర్రాడికి ఆ అడ్డు లేదు. దాంతో బాగా ఆడుతున్న కుర్రాడే కిందికి వెళ్తాడు, ఆడని పెద్దవాడు పైనే ఉంటాడు. కుర్రాడికి ఇది ఎవరైనా విడమరిచి చెప్పాలి. చెప్పకపోతే తనలోనే లోపముందని కుమిలిపోతాడు.

ఇప్పుడు మా గుమ్మంలోకి వచ్చిన సంగతి. గజపతినగరం వైపు నుంచి రోజూ బస్సెక్కి వచ్చే కుర్రాడొకడు నా దగ్గర ఆరేళ్లుగా నేర్చుకుంటున్నాడు. పదిహేడేళ్లు, ఫార్వర్డ్. మేం ఆడేది మట్టి మీదే. వాడికి విశాఖలో ఓ సీనియర్ జట్టు నుంచి పిలుపొచ్చింది. అక్కడ ఆడించేవాళ్ల వరసలో వాడు ఆఖరివాడు. ఇక్కడుంటే జూనియర్ జట్టుకు వాడే ముఖ్యం. వాళ్ల నాన్నకు టెన్షన్. "మేష్టారూ, పెద్ద జట్టు కదండీ, ఒదులుకుంటే మళ్లీ రమ్మంటారా?" అన్నాడు. అడగాల్సిన మాటే. హాకీ ఇండియా లీగ్ 2024 డిసెంబరులో మళ్లీ మొదలైనప్పుడు, ప్రతి జట్టు 24 మందిలో కనీసం నలుగురు జూనియర్లను తీసుకోవాలని నియమం పెట్టారు. ఆ సీజన్లో మన హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్‌దాకా వెళ్లి 4–3తో ఓడిన మ్యాచ్ రూర్కెలాలో జరిగింది, మా స్టేషన్లో ధన్‌బాద్ బండెక్కితే నేరుగా దిగే ఊరది. కళ్లెదుట తలుపు తీసి ఉంటే ఏ తండ్రి ఆగుతాడు?

మన హాకీలో ఒక వెసులుబాటు ఉంది. ఎంతమందినైనా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, అరవై నిమిషాలు నాలుగు క్వార్టర్లు. కోచ్‌కు మనసుంటే ఆఖరివాడికి కూడా క్వార్టర్‌కు నాలుగు నిమిషాలు ఇవ్వగలడు. అందుకని పెద్ద జట్టా చిన్న జట్టా అని కాకుండా, వాళ్లను మూడు మాటలు అడగమన్నాను. మ్యాచ్‌కు ఎన్ని నిమిషాలు దింపుతారు? దింపినప్పుడు ముందు ఆడిస్తారా, వెనక కాపలాకు పెడతారా? ఆడించని వారం ఇక్కడికొచ్చి జూనియర్ మ్యాచ్ ఆడుకోనిస్తారా? మూడోదానికి ఒప్పుకుంటే మిగతా రెండిట్లో కాస్త తగ్గినా వెళ్లమంటాను. మూడింటికీ సరైన జవాబు రాకపోతే ఈ ఏడాది ఇక్కడే ఉండమంటాను, వాళ్ల నాన్న నామీద కోప్పడినా సరే.

వాడు ఫోన్ చేసి అడిగాడు. వచ్చే సోమవారం చెబుతామన్నారట. ఈలోగా రోజూ పొద్దున్నే ఆరింటికల్లా గ్రౌండులో ఉంటున్నాడు. నిన్న ఇద్దర్ని దాటించి, మూడోవాడి దగ్గర బంతి పోగొట్టుకుని, నా వైపు చూడకుండానే మళ్లీ వెనక్కి పరిగెత్తాడు.