గేటు పక్క నల్లబల్లకు ఐదు స్టార్లు, ఫోన్లో గ్రూపుకు మూడు

మా అబ్బాయి ఎనిమిది చదువుతున్న జడ్పీ హైస్కూల్లో రోజూ పొద్దున్నే రెండు చోట్ల కబురు పెడతారు. ఒకటి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో, రెండోది గేటు పక్క గోడకు కొట్టిన నల్లబల్ల మీద. బల్లకు పైన ‘నేటి వార్త’, కింద ‘నేటి అవకాశం’. జూన్ నుంచి ఈ డిసెంబర్ దాకా రెండూ చూశాను కాబట్టి రాస్తున్నాను. మాది కోనసీమలో గోదావరి పాయల మధ్య లంక ఊరు. నేను బట్టలు కుడతాను.

వరద రోజుల్లో మాత్రం గ్రూపు లేకపోతే మాకు దిక్కులేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ లెక్క టీవీ చెబుతుంది. మా కాజ్‌వే మీదకి నీళ్లొచ్చాయో లేదో టీవీకేం తెలుసు? సోషల్ మాస్టారు తెల్లారి ఆరింటికే పెట్టేశారు: “కాజ్‌వే మునిగింది. లంక పిల్లలు రావద్దు. లెక్కల పరీక్ష సోమవారం పెడతాం.” ఆ ఆఖరి ముక్క చదివి వినిపించాకే మావాడు బ్యాగు దించాడు.

మామూలు రోజుల్లో అదే గ్రూపు సంత. గులాబీ పూల గుడ్ మార్నింగులు, పుట్టినరోజు కేకులు, ఎవరిదో గేదె తప్పిపోయిందని ఫొటో. వాటి మధ్యలో ఎన్‌ఎంఎంఎస్ అని, పరీక్ష పెట్టి ఇచ్చే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ నోటీసు వచ్చిందట. ఆరు పేజీల పీడీఎఫ్, అంతా ఇంగ్లిషు. జాకెట్లకు హుక్కులు కుట్టుకుంటూ ఫోను చూసేదాన్ని, అదెక్కడ తెరుస్తాను? నాలుగు రోజుల తర్వాత మావాడు బల్ల మీద చూసి నోటుబుక్కు వెనక అట్ట మీద రాసుకొచ్చాడు:

“8వ తరగతికి ఎన్‌ఎంఎంఎస్. ఎంపికైతే 9 నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000. ఇంటి ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ఆదాయం సర్టిఫికెట్‌కి ఇవాళే పెట్టుకోండి.”

‘ఇవాళే’ కింద రెండు గీతలు. వాడు ఆ గీతలు కూడా దించుకొచ్చాడు. సాయంత్రమే మిషను మూసి ఆఫీసుకి పరిగెత్తాను. రేషన్ కార్డులో మా ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా. తిప్పి తిప్పి చేతికిచ్చేసరికి గడువుకి ఒక్క రోజు మిగిలింది. ఆ రాత్రి టెన్షన్‌తో కునుకు లేదు. ఆ పీడీఎఫ్ పైన తెలుగులో రెండు లైన్లు రాసుంటే నాకు నాలుగు రోజులు కలిసొచ్చేవి కదా. గ్రూపుకు రెండు స్టార్లు కోసింది అందుకే. (మా తోడికోడలు వాళ్లమ్మాయికీ అడిగింది. ప్రైవేటు స్కూలు పిల్లలకు ఇది వర్తించదు.)

దరఖాస్తు పెట్టాక బల్ల మూల రోజుకో ప్రశ్న రాయడం మొదలుపెట్టారు, జవాబు మర్నాడు. పరీక్షలో మేధాశక్తికి 90 ప్రశ్నలు, పాఠాలకు 90. ఒకరోజు 2, 6, 12, 20, 30, తర్వాత ఎంత అని ఉంది. నేను అక్కడే నిలబడి వేళ్లు మడుస్తుంటే, గేటు దగ్గర జామకాయలమ్మే మామ్మగారు, “ఆయ్, నలభై రెండండి. పొద్దుణ్ణుంచి పిల్లలంతా అదే అరుస్తున్నారు” అంది. ఫోన్లో పెట్టిన ప్రశ్నకి ఇలా జవాబు చెప్పేవాళ్లు దొరుకుతారా?

పదో తరగతి వాళ్లకు పాలిటెక్నిక్ సీట్ల పాలిసెట్, గురుకుల జూనియర్ కాలేజీల ఏపీఆర్‌జేసీ, నూజివీడు ట్రిపుల్ ఐటీ కబుర్లు కూడా వేస్తారు. మాకింకా రెండేళ్లుంది, అవెలా ఉన్నాయో ఆ పిల్లల తల్లులే చెప్పాలి.

బల్లకు లోపం ఒకటే. పైన చూరు లేదు. తుపాను వానలకు ‘నేటి అవకాశం’ గోడ వెంట తెల్లగా కారిపోయింది. హెచ్ఎం గారు రేకు వేయిస్తామన్నారు, ఇంకా వెయ్యలేదు. పాత ఫ్లెక్సీ ముక్కను రెండు మడతలు పెట్టి అంచు కుట్టి, నాలుగు మూలలా కాజాలు తీసి మొన్న మావాడితో పంపాను. తాడు వాళ్లే కట్టుకున్నారు.