పాత కారవాన్‌లో నీళ్ల లీకులు: కరకంబాడి రోడ్డు మేస్త్రీ పనికి నా రివ్యూ (5కి 4)

మన తిరపతిలో కారవాన్ అంటే షూటింగుకి వచ్చిన హీరోది అనుకుంటారు, లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే చాలు లోపల ఎవురున్నారబ్బా అని అద్దంలోంచి తొంగి చూస్తారు. లోపల ఉండేది మా నాయన. లుంగీ కట్టుకొని మజ్జిగ తాగతా ఉంటాడు.

బండి 2008 మోడల్ ట్రావెలర్ వ్యాను. బెంగుళూరులో ఒకాయన దాన్ని కారవాన్‌గా మార్పించుకొని కొన్నేండ్లు తిరిగి, ఇంక చాలనుకొని అమ్మితే నేను కొన్నా. వెనక మంచం కింద 100 లీటర్ల ట్యాంకు, 12 వోల్టుల పంపు, ఒక సింకు, నిలబడితే మోచేతులు గోడకి తగిలే బాత్రూము, 10 లీటర్ల గీజరు. నాయనకి షుగరు, గంటకోసారి దిగాల, దారిలో శుభ్రమైన బాత్రూము దొరకాలంటే దేవుడు కనపడతాడు, అందుకే ఈ బండి కొన్నేది గానీ సోకుకి కాదు.

పోయిన ఎండాకాలం భాకరాపేట ఘాటు మీదుగా తలకోనకి పోయినాం. రాత్రి అందరం పడుకున్నాక పంపు టర్ర్‌మని ఒక సెకను మోగి ఆగిపోయింది. కాసేపటికి మళ్లా టర్ర్. ఎవురూ కొళాయి తిప్పలేదు. మా ఆమె ఎలక దూరింది అనింది, నేను వైరింగు అనుకున్నా. పొద్దున లేచి కాలు కింద పెడితే మ్యాటు తడితడిగా ఉంది, మంచం కింద నుంచి పాత గోనెసంచి వాసన. తలకోన చూడ్డానికి పోతే తలకోన బండ్లోకే వచ్చేసింది అని మా నాయన నవ్వినాడు, నాకు మాత్రం నవ్వు రాలేదు.

తిరపతికి వచ్చినాక ఫస్ట్ ఒక పెద్ద వర్క్‌షాప్‌కి పోయినా, పేరు వద్దులే. ఏసీ రూములో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చినారు. రెండ్రోజులు పెట్టుకొని 9 వేలు తీసుకున్నారు, కనపడిన ప్రతి జాయింటుకీ ఎం-సీల్ ముద్ద పూసినారు, దాని మీద సిలికాన్. ఇంకా ఆగకపోతే పంపు పోయినట్టు లెక్క సార్, కొత్తది వేయాల, ఇంకో 7 వేలు అవుతుంది అని కూడా చెప్పి పంపించినారు. వారం తిరక్కముందే మళ్లా టర్ర్.

ఇంక అసలు సంగతి. కరకంబాడి రోడ్డులో ఒక రేకుల షెడ్డు ఉంది, బోర్డు లేదు, ముందర వేపచెట్టు, దాని కింద ఎప్పుడూ రెండు మూడు స్కూలు బస్సులు నిలబడి ఉంటాయి. అక్కడ ఉండే పెద్దాయనకి అరవై దాటి ఉంటాయి. మొదట్లో ఇండ్లకి ప్లంబింగ్ చేసేవాడంట, తర్వాత బస్సు బాడీలు కట్టే చోట పనిచేసినాడంట, అంటే నీళ్లూ తెలుసు బండీ తెలుసు. మన పనికి ఈ రెండూ తెలిసిన మనిషే కావాల, ఇంటి ప్లంబర్‌ని పిలిస్తే బండి ఊగుతుందనే సంగతి మర్చిపోతాడు, మెకానిక్‌ని పిలిస్తే నీళ్లని ఆయిలు లాగా చూస్తాడు.

ఆయన బండెక్కి మంచం చెక్క ఎత్తి చూసి, "ఎవురు సామీ చేసింది ఇది, గోడకి గిలాబు చేసినట్టు చేసినారే" అన్నాడు. తర్వాత ఏ జాయింటూ ముట్టుకోలేదు. పంపు దాటినాక ఉండే వాల్వ్ కట్టేసి పంపు ఆన్ చేసి, ఒక బీడీ కాల్చుకొని వచ్చినాడు. పంపు ఒకసారి మోగి ఆగిపోయింది, మళ్లా మోగలేదు.

"పంపు బాగుండాది నాయనా, లీకు దీని తర్వాత యాడో ఉండాది."

అంతే, నా 7 వేలు అక్కడే మిగిలిపోయినాయి. లాజిక్ ఏందంటే ఈ పంపుల్లో ప్రెషర్ స్విచ్ ఉంటుంది, లైన్లో ప్రెషర్ దాదాపు 40 పీఎస్ఐకి (ప్రెషర్ కొలతలే) వస్తే ఆగిపోతుంది, తగ్గితే మళ్లా మోగుతుంది. పంపు లోపలే నీళ్లు వెనక్కి రాకుండా ఒక వాల్వ్ ఉంటుంది, దాంట్లో నలక ఇరుక్కున్నా కొళాయి తిప్పకుండానే పంపు మోగుతుంది. అందుకని తర్వాతి వాల్వ్ కట్టేసినా మోగితే తప్పు పంపుది, మోగకపోతే పైపుది. ఐదు నిమిషాల టెస్టు. ఏసీ రూములో కాఫీ ఇచ్చినోళ్లు ఈ పని చేయలేదు.

తర్వాత చేసింది నేను జన్మలో మర్చిపోను. జేబులోంచి వంద తీసి పక్కన అంగడికి పిల్లోడిని పంపించి ముగ్గుపిండి తెప్పించినాడు. మంచం కింద, సింకు కింద, బాత్రూము వెనక, పైపు పోయే దారంతా తుడిచి ఆరబెట్టి ఆ పిండి పల్చగా చల్లినాడు, వాల్వ్ తెరిచి పంపు ఆన్ చేసి, రెండు గంటలు బండి తలుపు తీయొద్దు అన్నాడు. నేను టిఫిన్ చేసి వచ్చినా. చూస్తే తెల్లటి పిండి మీద, షవర్ వెనక ఎల్బో (పైపు మలుపు తిరిగే చోట వేసే ముక్క) కింద, చీమ గుంత మాదిరి ఒక చిన్న గుంత, దాని పక్కనే ఇంకొకటి. ఆ ఎల్బో పైనుంచి చూస్తే పొడిగానే ఉంది! వెంట్రుక అంత పగులు వెనక వైపు, చుక్క పైపు అడుగునే జారి చెక్క పట్టుకొని పోయి మంచం కింద తేలతా ఉంది. మేము తడి ఉన్న చోట వెతికినాం, లీకు మూడు అడుగుల అవతల ఉంది.

ఎందుకు పగిలింది అంటే, పాత ఓనరు ఇంటికి వేసినట్టు సీపీవీసీ పైపు వేయించినాడు. గట్టి ప్లాస్టిక్ పైపు, దాన్ని బాడీకి క్లాంపు వేసి బిగించినారు, షవర్ మాత్రం ఇంకో చెక్కకి బిగించినారు. బండి గుంతలో పడినప్పుడు బాడీ ఒక పక్కకి మెలి తిరుగుతుంది, చెక్క ఇంకో పక్కకి పోతుంది, మధ్యలో చచ్చేది ఎల్బో. ఇంకోటి కూడా చెప్పినాడు, మిద్దె మీద ట్యాంకు పది మీటర్ల ఎత్తులో ఉంటే కింద కొళాయికి వచ్చేది 14 పీఎస్ఐ దాకానే, ఇక్కడ పంపు 40 కొడతా ఉంది. ఇంట్లో పదేండ్లు నిలబడే జాయింటు బండ్లో ఎందుకు నిలబడదో అప్పుడు అర్థమైంది నాకు.

(యూట్యూబ్‌లో అమెరికావాళ్ల వీడియోలు నేను చానా చూసినా. వాళ్ల కష్టం వేరే, చలికాలం నీళ్లు గడ్డకట్టి పైపులు పగులుతాయి, పాత బండ్లలో బూడిద రంగు పాలీబ్యుటిలీన్ అనే ప్లాస్టిక్ పైపులు ఉంటాయి, 1990ల మధ్య దాకా వేసినారు, ఇప్పుడు అవి పీకి పెక్స్ అనే వంగే ప్లాస్టిక్ పైపు వేసుకుంటా ఉంటారు. మన రేణిగుంటలో గడ్డకట్టేది ఐసుపెట్టెలో మాత్రమే, మనకి ఎండా గుంతలూ చాలు. కాబట్టి ఆ వీడియోలు చూసి ఇక్కడ దొరకని ఫిట్టింగుల కోసం ఆన్‌లైన్‌లో డబ్బులు పోయొద్దు.)

గీజరు దగ్గరికి వచ్చినాక పెద్దాయనకి నిజంగానే కోపం వచ్చింది. వర్క్‌షాప్‌వాళ్లు అక్కడ రెండు ఘనకార్యాలు చేసినారు. ఒకటి, వేడినీళ్ల లైన్లో మీగడ రంగు సీపీవీసీ మధ్యలో ఒక జానెడు ముక్క తెల్ల పైపు వేసినారు, అది చన్నీళ్లకి వాడేది, వేడికి మెత్తబడిపోతుంది. రెండోది ఇంకా ఘోరం, గీజరు సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడతా ఉంటే అది కూడా లీకే అనుకొని దానికి ఎండ్ క్యాప్ బిగించేసినారు. నేను కూడా ఆహా చుక్క ఆగిపోయింది అని సంతోషపడినా, అదీ నా తెలివి.

ఆయన చెప్పినాక తెలిసింది. నీళ్లు కాగితే పెరుగుతాయి, 10 లీటర్ల గీజరు బాగా కాగితే ఒక టీ గ్లాసు అంత ఎక్కువౌతాయి, ఆ గ్లాసు నీళ్లు యాడికి పోవాల? ఇంట్లో అయితే పైన ట్యాంకులోకి వెనక్కి పోతాయి, బండ్లో పంపు వాల్వ్ వెనక్కి పోనీదు. అందుకే సేఫ్టీ వాల్వ్ చుక్కలు వదలతా ఉంటుంది, అది దాని పని. దాన్ని మూసేస్తే ప్రెషర్ పెరిగి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ కొడుతుంది, నీళ్లు కాగినాక గీజరుని ఆపే థర్మోస్టాట్ కూడా అదే రోజు మొరాయించిందనుకో, మనం మంచం కింద బాంబు పెట్టుకొని పడుకున్నట్టే. "సామీ, ముసిలాయన పడుకునే మంచం ఇది" అన్నాడు, నాకు చెమటలు పట్టినాయి. ఆ క్యాప్ పీకి వాల్వ్‌కి సన్న ట్యూబు తగిలించి బండి కిందికి వదిలినాడు. ఇప్పుడు గీజరు వేస్తే రోడ్డు మీద చుక్కలు పడతాయి, చూసినోళ్లు సార్ లీకు అంటారు, నేను ఏమీ అనను.

మిగతా పని త్వరగా చెప్తా. ట్యాంకు నుంచి పంపుకి వచ్చే హోసుకి క్లిప్పు లూజు, అక్కడ నీళ్లు కారవు, గాలి లాక్కుంటుంది, కొళాయి తిప్పితే బుస్ బుస్ అని ఉమ్ముతా ఉండేది అందుకే. ఇన్ని రోజులూ ట్యాంకులో నీళ్లు తక్కువయ్యాయేమో అనుకున్నాం. పంపు ముందర నీళ్లు వడగట్టే జాలీ విప్పితే బోరునీళ్ల ఉప్పు సున్నం మాదిరి పట్టింది, నిమ్మఉప్పు నీళ్లలో నానబెట్టి కడిగినాడు. లైను మొత్తం మార్చలేదు, అవసరం లేదన్నాడు. మెలి తిరిగే చోట్ల మాత్రం సీపీవీసీ కోసేసి లోపల అల్యూమినియం పొర ఉండే కాంపోజిట్ పైపు వేసినాడు, పంపుకి రెండు పక్కలా స్టీలు జాలీ హోసు, షవర్ దగ్గర ప్లాస్టిక్ మర తీసేసి ఇత్తడి మర ఉండే ఎఫ్‌టీఏ (లోపల మర ఉండే జాయింటు) వేసినాడు. క్లాంపులన్నీ విప్పి పాత సైకిలు ట్యూబు ముక్కలు కోసి కింద పెట్టి, పైపు కదలాల గానీ కొట్టుకోకూడదు అన్నట్టు బిగించినాడు. పైపులు అతికించే సొల్యూషన్ పూసిన జాయింట్లకి ఆ రోజంతా నీళ్లు వదలనీలేదు, నేను తొందరపెడితే పానా నా చేతికిచ్చి నువ్వే చెయ్ అన్నాడు.

చివరికి లైన్లో ఒక T ఆకారం జాయింటు వేసి ప్రెషర్ గేజి తగిలించినాడు, 40కి ఎక్కించి పంపు స్విచ్ ఆపేసి ఇంటికి పొమ్మన్నాడు. పొద్దున పోతే ముల్లు 38 మీద ఉంది. రాత్రి చల్లబడితే ఆ మాత్రం తగ్గుతుందంట. ఆ గేజి ఊడదీయకుండా బండ్లోనే వదిలేయమని అడిగి పెట్టించుకున్నా, ఇప్పుడు ట్రిప్పుకి పోయే ముందు రాత్రి అదే టెస్టు నేనే చేసుకుంటా ఉండా.

డబ్బులు: మూడు రోజులకి కూలీ 4500, సామాను 6800. సామాను అంగడికి నన్నే తోడుకొని పోయి నా చేత్తోనే కట్టించినాడు, మధ్యలో కమీషన్ కత లేదు. తడిసిన ప్లైవుడ్ పూరీ మాదిరి ఉబ్బిపోయి ఉంటే అది వేరే కార్పెంటర్‌కి ఇంకో 3 వేలు అయింది, అది ఈయన లెక్కలో రాదు.

ఒక స్టార్ ఎందుకు తీసేసినానంటే, చెప్పిన టైముకి అవ్వదు, ఒక రోజన్నాడు మూడు రోజులైంది. బిల్లు ఇవ్వడు, పాత క్యాలెండరు చీటీ మీద రాసిస్తాడు. పని చేసేచోటే బీడీ కాలుస్తాడు, గ్యాస్ స్టవ్వు ఉండే బండ్లో అది నాకు అస్సలు నచ్చలేదు, చెప్తే కిందికి దిగి కాల్చినాడు, మళ్లా చెప్పాల్సి వచ్చింది. ఇంకోటి, నెల తర్వాత హార్స్‌లీ హిల్స్ పోయి వస్తే సింకు కింద ఒక వాషర్ దగ్గర మళ్లా చెమ్మ కనపడింది. తీసుకొని పోతే మాట్లాడకుండా వాషర్ మార్చి, డబ్బులిస్తే తీసుకోలేదు, నాదే తప్పు నాయనా ఎక్కువ బిగించినా, రబ్బరు నలిగింది అన్నాడు. తప్పు ఒప్పుకునే మేస్త్రీని నేను చూడటం ఇదే మొదటిసారి, స్టార్ తిరిగి ఇద్దామా అనుకున్నా గానీ బీడీ గుర్తొచ్చి ఆగిపోయినా.

పోవాలనుకునేవాళ్లు పొద్దున 8 లోపల పోండి, తర్వాత స్కూలు బస్సులు వచ్చేస్తే మనల్ని చూడడు. ఫోన్ ఎత్తడు. శనివారం మెట్లెక్కి కొండకి పోతాడు, ఆ రోజు షెడ్డు మూసి ఉంటుంది. ట్యాంకు నిండా నీళ్లు పట్టుకొని పోండి, ఖాళీ ట్యాంకుతో పోతే వెనక్కి పంపించేస్తాడు, నన్ను పంపించినాడు.