సముద్రతీరంలో సెలవు: అన్నీ ముందే బుక్ చేసుకోవాలా, వెళ్ళాక చూసుకోవాలా?

"ఐదు రోజులు వెళ్తున్నాం వదినా. బోటు, స్నార్కెలింగ్, స్కూబా, చుట్టుపక్కల చూసేవి... అన్నీ ఇక్కణ్ణుంచే బుక్ చేసేయమంటావా, అక్కడికెళ్ళాక చూసుకోమంటావా?" మొన్న మా ఆడపడుచు ఫోన్‌లో అడిగింది. (స్నార్కెలింగ్ అంటే నోట్లో గొట్టంతో గాలి పీలుస్తూ నీళ్ళ పైన తేలుతూ కిందికి చూడటం, స్కూబా అంటే వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ళ కిందికి దిగడం.) ఆమెకంటే ముందు ఇద్దరు స్నేహితులు, ఆఫీసులో ఒకాయన కూడా ఇదే అడిగారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెట్టడం నయమనిపించింది. మేం ఒకసారి అన్నీ బుక్ చేసుకుని వెళ్ళాం, ఇంకోసారి చేతులూపుకుంటూ వెళ్ళాం. రెండు రకాల ఇబ్బందులూ పడ్డవాళ్ళమే.

ముందే బుక్ చేసుకుంటే లాభం లేదని ఎవరూ అనరు. సీజన్‌లో పదిమంది పట్టే చిన్న బోట్లు త్వరగా నిండిపోతాయి. రోజుకి ఇంతమందినే అని లెక్కపెట్టి పంపే దీవులకి అప్పటికప్పుడు టికెట్ దొరకడం కష్టం. ఏమీ బుక్ చేయకుండా వెళ్ళినప్పుడు మాకు మొదటిరోజు సగం చర్చల్లోనే పోయింది. ఒకరు దీవి అన్నారు, ఒకరు కొండమీద లైట్‌హౌస్ అన్నారు, పిల్లలు బనానా బోట్ తప్ప ఇంకోటి వద్దన్నారు. ఏదో ఒకటి తేలేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. పిల్లలు, పెద్దవాళ్ళు కలిసి వెళ్ళే గుంపుకి ఒక చీటీ మీద రాసి ఉన్న ప్లాన్ ఇచ్చే ప్రశాంతత చిన్నదేం కాదు.

మరి అన్నీ బుక్ చేసుకుని వెళ్ళినప్పుడు ఏమైందంటే, నాలుగో రోజుకి పెట్టుకున్న దీవి ట్రిప్ రద్దయింది. ఉదయం ఏడింటికి జెట్టీ దగ్గర నిలబడ్డాం. ఆకాశంలో మబ్బుతునక లేదు, మంచి ఎండ. బోటు నడిపే ఆయన మాత్రం పైకి చూడనేలేదు. బోటు అంచు జెట్టీకి కట్టిన పాత టైర్ల మీద ఎంత పైకి లేస్తోందో, ఎంత కిందికి దిగుతోందో చూస్తూ నిలబడ్డాడు. పది నిమిషాలు చూసి తల అడ్డంగా ఊపాడు. మావాడు "ఇంత ఎండ కాస్తుంటే బోటెందుకు పోదు?" అని ఒకటే గొడవ. ఆకాశం తేటగా ఉన్నంత మాత్రాన అలలు తగ్గవని నాకూ అప్పుడే తెలిసింది. ఎక్కడో వందల, ఒక్కోసారి వేల కిలోమీటర్ల దూరంలో పుట్టిన తుఫాను అలలు రోజుల తరబడి ప్రయాణం చేసి, ఇక్కడ నీలాకాశం కింద వచ్చి తగులుతాయి. డబ్బులు వాపసు ఇచ్చారు, కాదనను. కానీ మర్నాడే తిరుగు ప్రయాణం. అసలు ఏ దీవి కోసం అంత దూరం వెళ్ళామో ఆ దీవి చూడకుండానే వచ్చేశాం.

అందుకే నా లెక్కలో ధర, రేటింగులు తర్వాత. ఆ పని కుదరకపోతే తర్వాతి రోజుకి జరపడానికి వీలుందా లేదా అన్నది ముందు. ఐదు రోజులూ నింపేసుకుంటే దేన్నీ జరపలేం.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. సముద్రంలో కొన్ని సంగతులు ఏడాది ముందే తెలుస్తాయి, కొన్ని మూడు రోజుల ముందు కూడా గట్టిగా తెలియవు. ఆటుపోట్లు మొదటి రకం. చంద్రుడు, సూర్యుడు ఎక్కడుంటారో లెక్కకట్టి వేసే పట్టికలు వచ్చే ఏడాదివి కూడా దొరుకుతాయి. నీళ్ళు వెనక్కి తీసినప్పుడు బయటపడే ఇసుక తిన్నె మీద నడవాలన్నా, రాళ్ళ గుంటల్లో మిగిలిపోయిన పీతలు, చేపపిల్లలు పిల్లలకి చూపించాలన్నా, ఆ పట్టిక చూసి తేదీ, గంటతో సహా ముందే ఖాయం చేసుకోవచ్చు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీళ్ళు బాగా లోపలికి తీస్తాయి. చాలా తీరాల్లో నీళ్ళు తీసే సమయం రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, నిన్న వెళ్ళినవాళ్ళు చెప్పిన టైముకి ఇవాళ మనం వెళ్తే కుదరదు. మధ్యధరా సముద్రం లాంటి చోట ఆటుపోట్ల తేడా చాలా తక్కువ, అక్కడ ఈ బాధే లేదు.

గాలి, అలలు రెండో రకం. వాటిమీద ఆధారపడే ట్రిప్పులను నెల ముందు ఒక తేదీకి కట్టేసుకోవడం నాకు నచ్చదు. తప్పక బుక్ చేయాల్సొస్తే ఒక్క పని చేయండి, పొద్దుటి బోటే తీసుకోండి. బుకింగ్ జాబితాలో ఉదయం ఏడింటిదీ మధ్యాహ్నం రెండింటిదీ ఒకేలా కనిపిస్తాయి. సెలవుల్లో నిద్ర ముఖ్యమని చాలామంది రెండోది నొక్కుతారు. ఎండ ముదిరేకొద్దీ నేల నీటికన్నా త్వరగా వేడెక్కుతుంది, దానిపైన గాలి వేడెక్కి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. ఒడ్డున కూర్చున్నవాళ్ళకి అది హాయి. బోటులో ఉన్నవాళ్ళకి కుదుపు, వాంతులు. మామూలు రోజుల్లో ఆ గాలి పదకొండు ప్రాంతంలో మొదలై మధ్యాహ్నం బలంగా వీస్తుంది. స్నార్కెలింగ్‌కి కూడా ఇదే. మరీ తెల్లవారుజామున ఎండ ఏటవాలుగా పడి నీళ్ళలో వెలుతురు చాలదు, మధ్యాహ్నం అలలకి ఇసుక లేచి నీళ్ళు మసకబారతాయి. ఎనిమిదిన్నర, పది మధ్య నీళ్ళలో ఉంటే రెండూ కలిసొస్తాయి. వీపు మీద ఎండ పడుతున్నట్టు నీళ్ళలో తెలియదు, పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా ఒకటి వేసుకుంటే రాత్రి బోర్లా పడుకోవాల్సిన అవసరం రాదు.

స్కూబా సంగతి వేరు, దీన్ని వాయిదా వేసుకోవడానికీ ఒక హద్దుంది. నీళ్ళ కింద ఒత్తిడికి శరీరంలోకి చేరిన నైట్రోజన్ బయటికి పోవడానికి టైము కావాలి, ఆలోపు విమానం ఎక్కితే ప్రమాదం. ఒకేసారి మామూలు డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రెండు మూడు డైవులు లేదా వరసగా కొన్ని రోజులు చేస్తే కనీసం 18 గంటలు ఆగమంటారు. చాలామంది శిక్షకులు ఎందుకొచ్చిన గొడవని ఏకంగా 24 గంటలు చెప్తారు. కాబట్టి "చివరి రోజు చూద్దాంలే" అన్న మాట దీనికి పనికిరాదు. అలాగని మొదటి రోజుకీ వద్దు. ప్రయాణంలో జలుబు పట్టుకుంటే చెవుల్లో ఒత్తిడి సర్దుకోక నీళ్ళలోకి దిగనివ్వరు. రెండో రోజో మూడో రోజో సరైనది.

హోటల్ కౌంటర్‌లో అంటగట్టే "ఐదు రోజులు, ఎనిమిది విహారాలు" ప్యాకేజీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఎనిమిదిలో మూడు మనకి అక్కర్లేనివే ఉంటాయి. కోటలు, మ్యూజియంలు, లైట్‌హౌస్ లాంటివి ఎలాగూ గాలికి ఆగవు, అవి మూసి ఉండే రోజు ఏదో ఒక్కటి కనుక్కుంటే చాలు. వాటిని సముద్రం మొండికేసిన రోజుకి దాచుకోండి.

మా ఆడపడుచు వాట్సాప్‌లో పంపిన ప్లాన్‌లో ఐదు రోజులకి తొమ్మిది పనులున్నాయి, అందులో బోటు నాలుగో రోజు మధ్యాహ్నం. దాన్ని రెండో రోజు పొద్దున్నకి మార్పించాను. అది ఆగిపోతే మూడో రోజుకి, అదీ కుదరకపోతే నాలుగో రోజుకి జరుపుకోవచ్చు. స్కూబా మూడో రోజుకి పెట్టాం. బోటు కూడా మూడో రోజుకే జరగాల్సొస్తే ఆ రోజు రెంటిలో ఏది కావాలో వాళ్ళే తేల్చుకుంటారు. పౌర్ణమి మర్నాడు ఇసుక తిన్నె నడక. మిగతా గళ్ళన్నీ ఖాళీ. అంత ఖాళీ చూసి ఆమెకి టెన్షన్ పట్టుకుంది, "ఇంత దూరం వెళ్ళి ఊరికే కూర్చుంటామా?" అంది. వరసగా రెండు రోజులు ఎండలో, ఉప్పునీళ్ళలో ఉన్నాక పిల్లలు మూడో రోజు మంచం దిగుతారేమో చూద్దువుగాని అన్నాను.

డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న మాత్రం రాతపూర్వకంగా అడగమన్నాను. "మేం మానుకుంటే ఏంటి" అని అందరూ అడుగుతారు. "వాతావరణం బాగోక మీరే ఆపితే డబ్బు ఇస్తారా, ఇంకో రోజు ఇస్తారా, ఆ ఎంపిక ఎవరిది?" అని అడగాలి. సరిపడా జనం రాకపోతే ఆపేసే ట్రిప్పులూ ఉంటాయి, అదీ ఇందులోనే కలిపి అడగొచ్చు. ఆమె ముగ్గురు బోటువాళ్ళకి మెసేజ్ పెట్టింది. ఇద్దరు డబ్బు వాపసు అన్నారు. మూడో ఆయన "ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి చెప్తాను, ఆ వారంలో ఏ పొద్దున్నయినా రండి" అన్నాడట. టికెట్ కాస్త ఎక్కువే, అయినా ఆయన దగ్గరే తీసుకుంది.