బాపు మ్యూజియం, అమరావతి: శుభలేఖల డిజైనర్ల ఒకరోజు యాత్ర

పెళ్లిళ్ల సీజను దగ్గర పడుతోందంటే మా ప్రెస్సులో డిజైన్ విభాగానికి ఒకటే బెంగ: మళ్లీ అవే నెమళ్లు, అవే అరటిచెట్లు, అవే సన్నాయిలు. అందుకే ఈసారి స్టాఫ్ టూరు ఏ రిసార్టుకో కాకుండా, ఉదయం విజయవాడ బాపు మ్యూజియం, మధ్యాహ్నం అమరావతి అని మేనేజరు గారు తేల్చేశారు. కొందరు మొహాలు ముడుచుకున్నారు.

బందరు రోడ్డులోని ఈ మ్యూజియాన్ని పాతవాళ్లు ఇప్పటికీ విక్టోరియా మ్యూజియం అనే అంటారు. 1887లో రాణి స్వర్ణోత్సవాల పేరిట పునాది వేసిన కట్టడం ఇది. మరమ్మతుల తర్వాత 2020లో మళ్లీ తెరిచారు. పేరు చూసి లోపలంతా బాపు బొమ్మలే ఉంటాయనుకోకండి. ఎక్కువగా ఉన్నవి శిల్పాలు, నాణేలు, కత్తులు. అయినా ఆయన చేతిరాత ఫాంటుతో రోజూ అన్నం తినే మాకు అక్కడికి వెళ్లడం మొక్కు తీర్చుకోవడం లాంటిదే.

అల్లూరులో దొరికిన బుద్ధుడి ముందు అందరం ఆగిపోయాం. రంగు లేదు, ఆర్భాటం లేదు. ఒకే వాలులో జారే సన్నని గీతలతోనే ఒంటిమీద బట్ట ఎంత పలచనో చెప్పేశాడు శిల్పి. 1921లో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా ఇచ్చింది ఈ బెజవాడలోనే. ఎరుపు, ఆకుపచ్చలకు తెలుపు కూడా చేర్చమన్నారట గాంధీజీ. ప్రూఫు చూపించాక మార్పులు చెప్పడం అప్పటి నుంచీ ఉందన్నమాట అని మా కుర్రాడొకడు నిట్టూర్చాడు.

మాట్లాడుకున్న మినీ బస్సులో ఏసీ దారిలోనే మొరాయించింది. డ్రైవరు మాత్రం నెమ్మదస్తుడు, ఎక్కడ ఆపమన్నా విసుక్కోలేదు. విజయవాడలోనే కట్టించుకున్న పులిహోర, పెరుగన్నం ఆ పూటకు ఆదుకున్నాయి.

అసలు సరుకు అమరావతి మ్యూజియంలో ఉంది. అక్కడి పాత బౌద్ధ స్తూపం నుంచి వచ్చిన గొప్ప ఫలకాలు చాలావరకు చెన్నైకి, లండన్‌కు తరలిపోయాయి. మిగిలినవే మాకు ఎక్కువ. స్తూపం కంచె స్తంభాలను దగ్గరగా చూడండి: నడుమ నిండు పద్మం, పైనా కిందా సగం పద్మాలు. కార్డు మడత దగ్గర బొమ్మ నలిగిపోవడం మాకు ఏళ్లనాటి తలనొప్పి. మడత మీద ఏమీ పెట్టకుండా రెండు అంచులకూ చెరో సగం పద్మం ఇస్తే చాలని అక్కడే గీసుకున్నాం. మనుషులు భుజాన మోస్తున్న బొద్దు పూలదండ ఇంకో పాఠం. దండ అలలాగా సాగుతూనే ఉంటుంది, ప్రతి వంపులో బొమ్మ మాత్రం మారుతుంది. మేమేమో అంచు కోసం ఒకే పువ్వును కాపీ కొట్టి వరుసగా అతికిస్తాం!

రెండూ ఒకే రోజు చూడాలంటే విజయవాడలో గంటన్నర చాలు, మిగతా పూటంతా అమరావతికే ఇవ్వండి. శుక్రవారం అక్కడి మ్యూజియానికి సెలవు. ఫోటోల సంగతి ముందే కౌంటరులో అడగండి. దగ్గర్లోని 125 అడుగుల ధ్యానబుద్ధుడు గ్రూపు ఫోటోకు బాగా పనికొచ్చాడు, శుభలేఖకు మాత్రం కాదు.